మిలటరీ మీటరు మీద ఎర్ర మరక

కరెంటు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కనబడితే నన్ను ఒక్కటే అడుగుతారు. "మేడమ్, మిలటరీ వాళ్ళ కేసు గెలిపించింది మీరేనటగా?" అని. కాదమ్మా అంటే వినయం అనుకుంటారు. వినయం కాదు, నిజం. ఆ కేసు పుట్టిందే నా వల్ల. గెలిచిందంటే అది దేవుడి దయ, తర్వాత మా నాన్నమ్మ పుణ్యం, ఆ తర్వాత ఒక లైన్ ఇన్‌స్పెక్టరు పెద్ద మనసు. వాళ్ళ తర్వాత జాగా మిగిలితే నన్ను కూర్చోబెట్టండి.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నతనంలో కాలికి జబ్బు చేసి చాలా ఏళ్ళు గడప దాటలేదు. అక్షరాలు నాన్నమ్మ నేర్పింది, లెక్కలు నాన్న చెప్పారు. రామాయణం చదవడం, వత్తులు చెయ్యడం, పసుపులో సున్నపు తేట కలిపి కుంకుమ చెయ్యడం, అన్నీ ఒకే అరుగు మీద ఒకే ఉదయం జరిగే పాఠాలు. కాలు బాగయ్యాక ప్రైవేటుగా పరీక్షలు కట్టి, టైపు నేర్చుకుని, శ్రీకాకుళం వైపు ఒక డివిజన్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇంటి చదువు వల్ల నాకు మిగిలిన లోపం ఒకటుంది. బడిలో మాస్టారి చేత తిట్లు తినలేదు కనుక పెద్దవాళ్ళు గొంతు పెంచితే ఎలా నిలబడాలో తెలియదు. ఆ కథలో నేను చేసిన రెండో తప్పుకు మూలం అదే. మొదటి తప్పు వేరే.

అప్పటికి నేను సీనియర్ అసిస్టెంటుని, కోర్టు కాగితాలు చూసేదాన్ని. మా డివిజన్‌లో అందరికంటే పెద్ద కనెక్షను సముద్రం వైపు ఉన్న మిలటరీ స్థావరానిది. వాళ్ళ గేటు పక్కన చిన్న గది, అందులో మీటరు. ఆ గదికి రెండు తాళాలు, ఒకటి మాది, ఒకటి వాళ్ళది. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. తెరిచిన ప్రతిసారీ ఎవరు తెరిచారు, ఎందుకు తెరిచారు అని అక్కడే ఉన్న పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మీటరు పెట్టెకు మా సీలు ఉంటుంది. ఆ సీలు మీద నంబరు ఉంటుంది. నంబరు మారినా చెరిగినా ఎవరో పెట్టె విప్పినట్టే లెక్క.

మా వైపు తాళం చెవి లైన్ ఇన్‌స్పెక్టరు దగ్గర ఉండేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడు. బాప్టిస్టు కుటుంబం, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. గొంతు ఎంతదంటే, స్తంభం మీద నుంచి కేకేస్తే సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడు ఫోన్ పెట్టేసి నేరుగా వినేవాడు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు.

దసరా ముందురోజు మా ఆఫీసులో ఆయుధపూజ చేస్తాం. నిచ్చెనలు, కటింగు ప్లయర్లు, టెస్టు దీపం, జీపు, కంప్యూటర్లు, అన్నిటికీ బొట్లు పెడతాం. ఊళ్ళో పెద్ద మీటర్లకు కూడా వెళ్ళి బొట్టు పెట్టి రావడం మా వాళ్ళకు ఎప్పటి నుంచో అలవాటు. కుంకుమ నా వంతు. ఇంట్లో చేసి, రాలిపోకుండా నువ్వుల నూనెలో కలిపి తెచ్చేదాన్ని. పూజ జరిగినంతసేపూ లైన్ ఇన్‌స్పెక్టరు వరండాలో నిలబడేవాడు. హారతి అయిపోగానే అందరికంటే ముందు విస్తరి పట్టుకునేవాడు.

"పూజ మీది, పులిహోర అందరిదీ. ఎయ్యండమ్మా, సెయ్యి ముడవకండి," అనేవాడు.

ఆ ఏడు పూజ రోజునే మిలటరీ వాళ్ళతో ఒప్పందం కాగితాల మీద సంతకం తేవలసి వచ్చింది. పూజ హడావిడిలో ఎవరికీ చెప్పకుండానే జీపులో ఆయనా నేనూ వెళ్ళాం. సంతకం అయింది. తిరిగి వస్తుంటే గేటు పక్కన ఆ గది కనబడింది. నా సంచిలో కుంకుమ గిన్నె ఉంది.

"అన్నయ్యగారూ, ఊళ్ళో మీటర్లన్నిటికీ బొట్టెట్టాం. అన్నిటికంటే పెద్దది ఇదొక్కటే బోసిగా ఉన్నాది. ఒక్క నిమిషం తలుపు తీయించండి," అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "తీస్తే బుక్కులో రాయాలమ్మా."

"బొట్టుకి బుక్కేటండీ?"

ఈ మాట నేనే అన్నాను. ఇంత చిన్న మాట నోట్లోంచి జారితే ఎంత దూరం దొర్లుతుందో అప్పుడు తెలియలేదు. కాపలా జవానుకి ఒక పొట్లం పులిహోర ఇచ్చాం. అతను నవ్వి, వాళ్ళ తాళం తీశాడు. తనకూ బొట్టు పెట్టబోతే టోపీ చూపించి డ్యూటీలో ఉన్నానని సైగ చేశాడు. లైన్ ఇన్‌స్పెక్టరు మా తాళం తీసి, తలుపు పట్టుకుని బయటే నిలబడ్డాడు. మీటరు అద్దం మీద పెడితే రీడింగు కనబడదు కదా అని నా తెలివి. పెట్టెకు వేలాడుతున్న సీలు గుండ్రంగా, నుదురులా ముచ్చటగా అనిపించింది. కుంకుమ వేలినిండా తీసి దాని మీద పెట్టాను. దండం పెట్టుకుని వచ్చేశాను.

ఎండాకాలం వచ్చేసరికి స్థావరానికి కొత్త మేజరు వచ్చాడు. అన్నీ స్వయంగా చూసే మనిషి. మీటరు గది తెరిపించి చూస్తే సీలు మీద నల్లబారిన ఎర్రటి పొర, గట్టిగా అట్టకట్టి ఉంది. నంబరు కనబడదు. నెలనెలా రీడింగు రాసుకునేవాళ్ళు మీటరు అద్దమే చూసేవారు, సీలు వైపు ఎవరూ చూడలేదు. గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసే పుస్తకం తిరగేస్తే దసరా ముందురోజు "లైన్ ఇన్‌స్పెక్టరు, మరొకరు" అని ఉంది. గదిలోని పుస్తకం చూస్తే ఆ రోజు తెరిచినట్టే లేదు. ఇంకేముంది, విద్యుత్ ఫిర్యాదుల వేదికలో కేసు వేశారు. మీ మనిషి దొంగచాటుగా గది తెరిచాడు, సీలు విప్పి మళ్ళీ లక్కతో అతికించాడు, ఈ మీటరు నమ్మలేం, మీ సరఫరా ఒప్పందం రద్దు చెయ్యాలి, మేం వేరే చోటి నుంచి లైను తెచ్చుకుంటాం అని వాళ్ళ వాదన.

మావాళ్ళు లైన్ ఇన్‌స్పెక్టరుని పిలిచి విచారణ పెట్టారు. నేను పక్క బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నాను.

"ఆ రోజు గది తెరిచావా?" అని మా డివిజనల్ ఇంజనీరు అడిగారు. గోదావరి వైపు ఆయన, కోపం వస్తే బల్ల మీద పెన్ను కొట్టేవారు.

"తెరిసినాను సార్."

"ఎందుకు?"

"సూడ్డానికి సార్."

"నీతో వచ్చిన ఆ మరొకరు ఎవరు?"

ఆయన నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు. "గురుతు లేదు సార్."

ఆ మరొకరిని నేనే. నా చేతిలో పెన్ను నడుస్తూనే ఉంది. "గుర్తు లేదన్నాడు" అని నీటుగా రాశాను.

కుంకుమ అని ఎవరికీ ఎందుకు తట్టలేదంటారా? మా ఆఫీసంతా పూజ చేసేవాళ్ళే. కానీ ఆ గది తాళం ఉన్నది బొట్టు పెట్టని మనిషి దగ్గర. కనుక ఆ ఎరుపు బొట్టు అయివుండదని అందరూ ధీమాగా ఉన్నారు. ఆయన నిష్ఠే ఆయనకు ఎదురు సాక్ష్యమైంది.

సస్పెన్షన్ ఉత్తర్వు టైపు చేసింది నేనే. ఆయన రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. సీలు తెంచాడని రుజువైతే ఉద్యోగం నుంచి తీసేస్తారు, దొంగ అనే పేరుతో ఇంటికి పోతాడు. అది తెలిసీ పదకొండు రోజులు నోరు విప్పలేదు. ఇదే నా రెండో తప్పు. రోజూ పొద్దున్న దీపం పెట్టి దేవుడికి అంతా చెప్పేదాన్ని. ఆఫీసుకు వచ్చి ఇంజనీరుగారికి ఏమీ చెప్పేదాన్ని కాదు. దేవుడికి ముందే తెలుసు కదా, తెలియనివాళ్ళకు కదా చెప్పాలి! ఆ సంగతి నాకు తట్టడానికి అన్ని రోజులు పట్టింది.

వేదిక విజయనగరంలో కూర్చుంది. ఉదయం శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో పాసింజరు ఎక్కాం. మా వకీలుగారు, నేను ఒక పక్క. లైన్ ఇన్‌స్పెక్టరు వాళ్ళావిడ కట్టిచ్చిన క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని అవతలి కిటికీ దగ్గర. వకీలుగారు చాలా సరదా మనిషి. ప్రతి స్టేషనులో ఏదో ఒకటి కొనుక్కుని తినేవారు. పొందూరులో పల్లీలు కొన్నారు.

"ఈ కేసు తేలిక తల్లీ," అన్నారు పల్లీలు ఒలుస్తూ. "సీలు పోలేదని మనం వాదించం. పోయిందనే ఒప్పుకుందాం. ఆ ఇన్‌స్పెక్టరుగాడు సొంతంగా చేసిన పని, ఆఫీసుకు సంబంధం లేదు, వాణ్ణి తీసేస్తున్నాం అంటాం. ఒప్పందం నిలబడిపోద్ది. ఒక్క మనిషితో పోయేదానికి అంత పెద్ద కనెక్షను ఒదులుకుంటామేటి? ఇందా, పల్లీలు తిను."

పల్లీలు పొట్లంలోనే వదిలేశాను. లేచి అవతలి కిటికీ దగ్గరకు వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అన్నయ్యగారూ, ఇవాళ సెప్పేస్తాను."

"ఏటి సెప్తారు?"

"మీకు తెలీదేటి?"

ఆయన క్యారేజీ పిడి సర్దుకున్నాడు. "ఊరుకోండమ్మా. మీరు సెప్పినా తలుపు తీసింది నేనే, బుక్కులో రాయంది నేనే. అప్పుడు ఇద్దరికీ పోతాది. ఇప్పుడైతే ఒకలికే. నేను రేపో మాపో ఇంటికెల్లిపోయేవోడిని. మీకింకా సర్వీసు ఉన్నాది."

"మీ పేరుకి దొంగ అని తగిలిస్తారు."

"పైనున్నోడికి తెల్దేటి?"

"ఆయనకి తెలుసు. ఆ వేదిక చైర్మన్‌కి తెలీదు కదా," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ పెట్టెలో నిద్రపోతున్న ఇద్దరు లేచి కూర్చున్నారు. "సరే, మీ ఇష్టం. కానీ సెప్పేటప్పుడు ఏడవకండి. ఆడోలు ఏడిస్తే మా వకీలుగారు దాన్ని కూడా పాయింటు సేసేస్తారు."

నెల్లిమర్ల దాటుతోంది. నేను లోలోపల నామం చెప్పుకున్నాను. ఆయన సన్నగా ఏదో చర్చి పాట తీశాడు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుచుకున్నాం. ఇద్దరికీ పని మాత్రం ఒకటే.

చైర్మన్ రిటైరయిన జడ్జిగారు. బల్ల మీద తెల్లటి కవరులో, రెండు పక్షాల ఎదుట తీగ కోసి తెచ్చిన ఆ సీలు ఉంది. మేజరు ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చున్నాడు. బళ్ళారి మనిషి, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. మా వకీలుగారు లేచి, "అయ్యా, ఈ తప్పు కేవలం ఒక ఉద్యోగి..." అని మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, అది లక్క కాదు. కుంకం. నేనే పెట్టాను," అన్నాను.

వకీలుగారు నా కొంగు పట్టుకుని లాగినంత పని చేశారు. "కూకో తల్లీ, కూకో!"

జడ్జిగారు కళ్ళజోడు దించి చూశారు. "మీరెవరమ్మా?"

"గేటు పుస్తకంలో మరొకరు అని ఉన్నాది కదండీ, ఆ మరొకరిని నేనే. ఆ రోజు కాపలా ఉన్న జవానుని అడగండి."

హాల్లో నవ్వు లేచింది. మేజరు నవ్వలేదు. "ఆ జవానును సరిహద్దుకు పంపించేశారు. కుంకుమ అని రుజువు ఏమిటి? ఎవరైనా చెప్పవచ్చు," అన్నాడు. అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నాకు మాత్రం నాన్నమ్మ అరుగు కళ్ళముందు కనబడింది.

"అయ్యా, నాకొక నిమ్మకాయ బద్ద, కొంచెం సున్నం ఇప్పిస్తారా?"

జడ్జిగారు తలుపు దగ్గర నిలబడ్డ తన బంట్రోతు, డఫేదారు వైపు చూశారు. అతను కిళ్ళీ మనిషి, సున్నం డబ్బీ జేబులోనే ఉంది. సిగ్గుపడుతూ తీసి బల్ల మీద పెట్టాడు. "డ్యూటీలో ఏసుకోను సార్, ఊరికే ఉంచుకున్నాను," అన్నాడు ఎవరూ అడగకముందే. నిమ్మకాయ మాత్రం క్యాంటీనువాడు పంపాడు. రెండు పక్షాలూ ఒప్పుకున్నాక సీలు మీది పొరను కొద్దిగా గీకి టీ సాసరులో వేశారు. దాని మీద నిమ్మరసం పిండి, వేలితో నలిపాను. ఆ నల్లటి ఎరుపు మెల్లగా కరిగి పచ్చని పసుపయింది.

"ఇది పసుపండి. నిమ్మకాయ తగిలితే పసుపవుతాది," అన్నాను. డఫేదారు సున్నం రవ్వంత తీసి అందులో కలిపాను. సాసరు నిండా ఎర్రగా విచ్చుకుంది. "సున్నం తగిలితే కుంకుమవుతాది. లక్క ఇలా అటూ ఇటూ మారదండి."

మేజరు లేచి వచ్చి సాసరు మీదికి వంగాడు. "ఇంకోసారి," అన్నాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ పసుపు, మళ్ళీ ఎరుపు. జడ్జిగారు తానూ ఒకసారి పిండి చూశారు. ఆయన ముఖం చూస్తే కేసు సంగతి కాసేపు మర్చిపోయినట్టే ఉన్నారు.

తర్వాత, సాక్ష్యానికి వచ్చి ఉన్న మా మీటరు పరీక్షల ఇంజనీరు కిరసనాయిలు గుడ్డతో సీలు తుడిచాడు. పొర ఊడి వచ్చింది. కింద నంబరు ఒక్క అంకె పోకుండా ఉంది, వేదిక కోసం కోసిన చోట తప్ప తీగ ఇంకెక్కడా తెగలేదు, అతికిన గుర్తు లేదు. భూతద్దం పట్టి చూసింది మేజరే. నంబరు చదివి, వాళ్ళ పుస్తకంలోని నంబరుతో సరిపోల్చి, "సీలు సరిగానే ఉంది," అని ఆయన నోటితోనే చెప్పాడు. అంత నిక్కచ్చి మనిషిని ఆ రోజు పంపినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెడతాను. గొడవ పెట్టినవాడే నిజం కళ్ళతో చూసి ఒప్పుకున్నాడు.

అప్పుడు ఆయనకు ఇంకో ఇబ్బంది వచ్చింది. పై అధికారులకు నివేదిక రాయాలి. "సీలు మీద ఉన్న పదార్థం పేరు ఏమి రాయాలి? పరిమాణం ఎంత?" అని అడిగాడు.

మా వకీలుగారు అప్పటికి పూర్తిగా మా పక్షానికి వచ్చేశారు. "రాసుకోండి సార్. పదార్థం కుంకం. పరిమాణం, బొట్టు ఒకటి," అన్నారు. మేజరు నిజంగానే అలాగే రాసుకున్నాడు.

జడ్జిగారు లైన్ ఇన్‌స్పెక్టరుని పిలిచారు. "నువ్వెందుకు చెప్పలేదయ్యా? అది బొట్టని, పెట్టింది నువ్వు కాదని ఒక్క మాటంటే సరిపోయేది కదా?"

"ఆ మాటంటే, మరెవలెట్టినారని అడుగుతారు కదండీ," అన్నాడాయన.

జడ్జిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు.

ఒప్పందం నిలబడింది. గది తెరిచి పుస్తకంలో రాయకపోవడం తప్పేనని, సీలు మీద ఇకమీదట ఏ పదార్థమూ పూయరాదని, కావాలంటే తలుపు బయట పెట్టుకోవచ్చని ఉత్తర్వులో రాశారు. అంతకంటే న్యాయమైన మాట ఉండదు. భక్తి ఉంటే ఉండనీ, అది పుస్తకంలో సంతకం పెట్టాకే లోపలికి వెళ్ళాలి. కొత్త పిల్లలకు నేను చెప్పేది అంతే. దేవుడి పని అనుకున్న చోట కూడా ఆఫీసు పని మానకండి. ఇంకోటి, ఒకరు మీ కోసం మౌనంగా ఉన్నారంటే, మీరు కూడా మౌనంగా ఉండడానికి అది అనుమతి కాదు.

వారం తిరగకుండా మా ఇంజనీరుగారు నన్ను పిలిచి రెండు కాగితాలు టైపు చెయ్యమన్నారు. ఒకటి లైన్ ఇన్‌స్పెక్టరు సస్పెన్షన్ ఎత్తివేత. రెండోది సీలును తాకినందుకు నాకు మెమో. ఆయనకు కాస్త ఇబ్బందిగానే ఉంది పాపం, పెన్ను బల్ల మీద కొట్టలేదు. "వేరేవాళ్ళ చేత టైపు చేయించనా అమ్మా?" అన్నారు. ఆ పూట ఆఫీసులో టైపు వచ్చినవాళ్ళు వేరే ఎవరూ లేరు. నా మెమో నేనే కొట్టుకున్నాను. ఆయన సంతకం పెట్టాక నాకు నేనే అందజేసుకుని, ముట్టినట్టు సంతకం కూడా చేశాను.

సాయంత్రం లైన్ ఇన్‌స్పెక్టరు వచ్చి తన ఉత్తర్వు తీసుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని, "మీదేదీ?" అన్నాడు. ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర వెలుతురులో మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"సర్వీసంతా నేను మెమోలు తిన్నానమ్మా. అన్నీ ఊరి మెమోలే. ఫ్యూజు బేగి ఎయ్యలేదని, జీపు ఆలీసమైందని. మీరు సూడండి, బోణీయే మిలటరీ మెమో కొట్టేసినారు."

నవ్వాపుకోలేక పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మెమో నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, నీళ్ళ గ్లాసు దాని మీద బరువుగా ఉంచి వరండాలోకి వెళ్ళాడు. అంతలో ఎక్కడో తీగ తెగిందని ఫోను వచ్చింది.

"ఒరే, నా నిచ్చెన ఎవడు ఒట్టుకెల్లినాడ్రా! నేను నాలుగు రోజులు లేకపోతే ఆపీసంతా దోచేస్తారేటి!"

ఆ కేకకు ఇంజనీరుగారు గదిలోంచి బయటికి వచ్చేశారు. ఎదుటి టీ కొట్టువాడు కూడా తల బయటపెట్టి చూశాడు. ఎన్నాళ్ళకో మా ఆఫీసు ఆఫీసులా వినబడింది. నేను కాగితం తీసుకుని, నా మెమోకు జవాబు రాయడం మొదలుపెట్టాను.